మోకాలు తెరిచి చూపించిన లిస్టర్

మీ ఇంట్లో ఎవరికైనా మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగిందా? మా నాయనమ్మకి పోయినేడాది జరిగింది. మూడో రోజు డ్రెస్సింగ్ మారుస్తుంటే పక్కనే నిలబడి చూశాను. తొడ కింది నుంచి మోకాలి మధ్యగా ఒక నిలువు గీత, దాని మీద వరసగా మెరిసే స్టీలు పిన్నులు. అచ్చం మన ప్రాజెక్ట్ రిపోర్టుకి కొట్టే స్టేప్లర్ పిన్నుల్లాగే ఉన్నాయి. లెక్కపెట్టాను, 32. పక్క బెడ్ మీదున్న పెద్దాయనకి కూడా అదే ఆపరేషన్, కానీ ఒక్క పిన్ను లేదు. చర్మం లోపలే దాక్కున్న దారం, పైన గట్టిపడిన జిగురు. ఒకే ఆపరేషన్‌కి రెండు రకాల ముగింపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

డాక్టర్‌గారిని అడిగాను. ఎవరి అలవాటు వాళ్లది, చర్మాన్ని బట్టి కూడా ఉంటుంది అన్నారు. ఇంజినీర్లకి ఇలాంటి జవాబు ఆనదు కదా! ఆ రాత్రి హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని పేపర్లు చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ వెనక్కి వెళితే 1877లో లండన్‌లో, ఇంకో మోకాలి దగ్గర ఆగాను. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ మోకాలిని తెరిచిన జోసెఫ్ లిస్టర్ గురించి. మీలో చాలామందికి ఆయన పేరు యాంటీసెప్టిక్ చాప్టర్‌లో ఒక మార్కు బిట్‌గానే తెలుసు.

ముందు ఆ పిన్నుల సంగతి చూద్దాం. చర్మం మూయడానికి ఇప్పుడు ముఖ్యంగా మూడు దారులున్నాయి. పిన్నులు చకచకా పడతాయి, నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చి ఒక్కొక్కటీ పీకించుకోవాలి. చర్మం కింద వేసే కరిగిపోయే దారానికి టైమ్ ఎక్కువ, చెయ్యి తిరగాలి. అయితే తీయించుకునే పని లేదు. మూడోది సయనోయాక్రిలేట్ జిగురు, మన ఫెవిక్విక్‌కి దూరపు చుట్టం. గాయం మీద నీళ్లు పోకుండా పొరలా ఆరిపోతుంది, కొందరికి మాత్రం అలర్జీతో చర్మం ఎర్రబడుతుంది. పొట్ట మీదో వీపు మీదో అయితే ఏదైనా ఒకటేలే అనుకోవచ్చు. మోకాలు అలా కాదు. ఆపరేషన్ అయిన మర్నాడే ఫిజియోథెరపిస్ట్ వచ్చి వంచమంటారు. వంచిన ప్రతిసారీ ఆ గీత సాగుతుంది. అక్కడ కండ పలచన, చర్మం కింద వెంటనే లోహపు కీలు. పై గాయం నుంచి నీరు కారుతూనే ఉంటే ఇన్ఫెక్షన్ లోపలి కీలు దాకా పోయే ప్రమాదం పెరుగుతుంది. పోయిందంటే చాలాసార్లు పెట్టిన కీలు తీసేసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

మరి ఏది మంచిది? 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. ఎముకల ఆపరేషన్ల మీద అప్పటిదాకా జరిగిన ఆరు అధ్యయనాలు, మొత్తం 683 గాయాలు కలిపి చూస్తే, దారం కంటే పిన్నులతో పైపై ఇన్ఫెక్షన్ ముప్పు మూడు రెట్లకు పైనే అని తేలింది. అయితే ఆ తేడా తుంటి ఆపరేషన్లలోనే ఎక్కువగా కనిపించింది. పైగా అసలు అధ్యయనాల నాణ్యత అంతంత మాత్రమే అని వాళ్లే రాసుకున్నారు. మోకాలి విషయంలో ఆ తర్వాత వచ్చినవి ఒక్క మాట మీద లేవు. డాక్టర్‌గారు చెప్పిన జవాబు తప్పేం కాదన్నమాట.

కానీ ఒకటి గమనించండి. పిన్నా, దారమా, జిగురా అనే చర్చ జరగాలంటే ముందు ఒక నమ్మకం ఉండాలి. మూసిన గాయం మామూలుగా అయితే చీము పట్టకుండా మానుతుందనే నమ్మకం. నూట అరవై ఏళ్ల కిందట ఏ సర్జన్‌కీ అది లేదు.

లిస్టర్ పుట్టింది 1827 ఏప్రిల్ 5న, లండన్‌కి తూర్పున అప్టన్ అనే ఊళ్లో. వాళ్లది క్వేకర్ కుటుంబం. నిరాడంబరంగా బతకడం, అబద్ధం ఆడకపోవడం ఆ శాఖ పద్ధతి. తండ్రి వైన్ వ్యాపారి. ఆయన ఖాళీ టైమ్‌లో చేసిన పని ఇంకా పెద్దది. మైక్రోస్కోప్ లెన్సుల్లో రంగులు చెదిరి బొమ్మ మసకబారే సమస్యని లెక్కలు కట్టి తగ్గించాడు. రాయల్ సొసైటీ ఆయనకి సభ్యత్వం ఇచ్చింది. అంటే పిల్లాడికి మైక్రోస్కోప్ ఇంట్లో వస్తువు. మన ఇళ్లలో పిల్లలు పాత కంప్యూటర్ విప్పి చూసినట్టు, ఆయన చిన్నప్పుడే జంతువుల ఎముకలు పట్టుకుని బొమ్మలు గీసేవాడు.

ఆయనకి నత్తి ఉండేది. టెన్షన్ వస్తే పెద్దయ్యాక కూడా తిరిగొచ్చేది. క్వేకర్లు కాబట్టి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు తెరుచుకోవు, ఇంగ్లండ్ చర్చికి చెందినవాళ్లకే అక్కడ డిగ్రీలు. అందుకే లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరాడు. 1847లో బీఏ అయింది. అంతలో మశూచి వచ్చింది. దాని నుంచి తేరుకున్నా మనసు తేరుకోలేదు. 1848లో చదువు ఆపేశాడు. ఇవాళ అయితే డిప్రెషన్ అంటాం. ఏడాదికి పైగా ఐర్లండ్, యూరప్ తిరిగాడు. తిరిగొచ్చి మెడిసిన్ కొనసాగించి 1852లో పూర్తి చేశాడు. ఇంటర్వ్యూలో ఈ గ్యాప్ ఏంటి అని అడుగుతారని భయపడేవాళ్లు మీలో ఉంటారు, అందుకే ఈ భాగాన్ని త్వరగా దాటేయలేకపోయాను.

1846 డిసెంబర్‌లో అదే కాలేజీ ఆసుపత్రిలో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్ ఈథర్ మత్తు ఇచ్చి కాలు తీశాడు. ఆ గదిలో ప్రేక్షకుల్లో లిస్టర్ కూడా ఉన్నాడని చెబుతారు. అప్పటిదాకా సర్జన్ గొప్పతనం అంటే స్పీడే. నొప్పితో కేకలు పెడుతున్న మనిషి కాలిని ఎన్ని సెకన్లలో తీశాడు అనేదే లెక్క. మత్తు వచ్చాక తొందర పోయింది. సర్జన్లు నెమ్మదిగా, ఎక్కువగా, లోతుగా కోయడం మొదలుపెట్టారు. గాయాలు మాత్రం ఎప్పట్లాగే కుళ్లాయి. ఆపరేషన్ సక్సెస్, పేషెంట్ పోయాడు అనే మాట అక్కడ జోక్ కాదు, రోజూ జరిగేదే.

1853లో ఒక ప్రొఫెసర్ ఇచ్చిన పరిచయ ఉత్తరం పట్టుకుని ఎడిన్‌బరా వెళ్లాడు. జేమ్స్ సైమ్ అనే పెద్ద సర్జన్ దగ్గర నెల రోజులు పని చూసి వద్దామని ప్లాన్. ఏడేళ్లు ఉండిపోయాడు. సైమ్ కూతురు ఆగ్నెస్‌ని 1856లో పెళ్లి చేసుకున్నాడు, అందుకోసం క్వేకర్ల సంఘం కూడా వదిలేశాడు. హనీమూన్ కోసం యూరప్ వెళ్లి మధ్యమధ్యలో ఆసుపత్రులు చూసొచ్చారట ఇద్దరూ! ఆ తర్వాత ముప్పై ఏడేళ్లు ఆయన ల్యాబ్ అంటే ఇంట్లో గదే, అసిస్టెంట్ అంటే ఆగ్నెసే. కప్ప కాలి పొరలో వాపు ఎలా మొదలవుతుందో ఆయన మైక్రోస్కోప్‌లో చూస్తూ గంటల తరబడి చెబుతుంటే ఆమె రాసేది. ఆ నోట్‌బుక్కుల్లో పేజీలకు పేజీలు ఆమె దస్తూరీయే. ఇదే లిస్టర్ ఆడవాళ్లు డాక్టర్లు కావడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఎదురుగా ఆగ్నెస్‌ని పెట్టుకుని కూడా! ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

1860లో గ్లాస్గోలో ప్రొఫెసర్ అయ్యాడు. మర్నాటి ఏడాది అక్కడి రాయల్ ఇన్ఫర్మరీలో వార్డులు చేతికొచ్చాయి. కొత్త బిల్డింగ్, అయినా చావులు తగ్గలేదు. కారణం వెతికితే వార్డు గోడ పక్కనే, నేల మట్టానికి కొన్ని అంగుళాల కింద 1849 కలరాలో పోయినవాళ్ల శవపేటికలు బయటపడ్డాయి. కుళ్లు గాలి వల్లే గాయాలు చెడతాయని అప్పటి నమ్మకం. కిటికీలు తెరవండి, సున్నం వేయండి, అంతే. లిస్టర్‌కి ఒక డౌట్ ఉండేది. ఎముక విరిగినా చర్మం చీలకపోతే ఆ మనిషి బతుకుతాడు. అదే ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే చాలాసార్లు కాలు పోతుంది, లేదా ప్రాణం పోతుంది. గాలి ఇద్దరికీ ఒకటే కదా. తేడా చర్మం దగ్గరే ఉంది.

1865లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ థామస్ ఆండర్సన్ ఆయనకి లూయీ పాశ్చర్ పేపర్లు చదవమని చెప్పాడు. పులియడం, కుళ్లడం గాలి వల్ల కాదు, గాలిలో వచ్చే సూక్ష్మజీవుల వల్ల అని పాశ్చర్ తేల్చాడు. చీము కూడా అంతేనా? పాశ్చర్ లాగా మరగబెట్టడం మనిషి కాలి మీద కుదరదు. కార్లైల్ పట్టణంలో మురుగు కంపు పోవడానికి కార్బాలిక్ ఆమ్లం చల్లుతున్నారని ఎక్కడో చదివాడు. అదే తెప్పించాడు. మన కెమిస్ట్రీ ల్యాబ్ ఫినాల్ అన్నమాట. చూడండి, ఒక ముక్క బయాలజీ నుంచి, ఒక ముక్క మున్సిపాలిటీ డ్రైనేజీ నుంచి!

మార్చిలో చేసిన మొదటి ప్రయత్నం ఫెయిలైంది. దాన్ని దాచుకోకుండా తర్వాత పేపర్‌లో రాశాడు. ఆగస్ట్ 12న 11 ఏళ్ల కుర్రాడిని తీసుకొచ్చారు. బండి చక్రం ఎక్కి ఎడమ కాలు విరిగింది, అంగుళంన్నర గాయం. కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ కప్పి, కదలకుండా కట్టు కట్టాడు. నాలుగో రోజు విప్పాడు. చీము లేదు. ఆమ్లం వల్ల చర్మం కొంచెం కాలింది, అంతే. ఆరు వారాలకి ఎముక అతుక్కుంది.

ఒక్క కుర్రాడితో ఏం తేలుతుంది? లిస్టర్‌కీ ఆ సంగతి తెలుసు. ఆగాడు, కేసులు పోగేశాడు. 1867లో లాన్సెట్ పత్రికలో 11 కేసులు అచ్చేశాడు. తొమ్మిది మంది కాళ్లూ చేతులతో ఇంటికెళ్లారు, ఒకరికి కాలు తీయాల్సొచ్చింది, ఒకరు చనిపోయారు. తర్వాత తన వార్డు లెక్కలు బయటపెట్టాడు. కొత్త పద్ధతికి ముందు 1864, 1866 సంవత్సరాల్లో కాళ్లూ చేతులూ తీసేసిన ఆపరేషన్లు 35, అందులో 16 మంది పోయారు. తర్వాత 1867 నుంచి 1869 వరకు 40 ఆపరేషన్లు, పోయింది ఆరుగురు. 46 శాతం నుంచి 15కి.

ఈ నాలుగు అంకెలు తీసుకుని మీరు పైథాన్‌లో చిన్న టెస్ట్ వేసి చూడండి, పీ విలువ 0.01 లోపే వస్తుంది. అయినా నేటి జర్నల్ దీన్ని తిప్పి పంపిస్తుంది. కంట్రోల్ గ్రూప్ లేదు, లాటరీ వేసి పంచలేదు, రెండు కాలాల మధ్య వార్డులో ఇంకేం మారిందో తెలీదు, శాంపిల్ చిన్నది. ఆయన శత్రువులు అప్పుడే అడిగారు ఈ ప్రశ్నలు. అందులో కొందరు అసూయతో అడిగారు, కొందరు నిజాయతీగా అడిగారు. నా నాయనమ్మ పిన్నుల మీద ఇప్పుడు జరిగే గొడవ కూడా సరిగ్గా ఇదే, మెరుగైన స్టాటిస్టిక్స్‌తో.

ఈ మధ్యలో ఆయన ఉద్యోగ ప్రయత్నాల సంగతి చెప్పాలి. 1864లో ఎడిన్‌బరాలో ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేశాడు, వేరేవాళ్లకి ఇచ్చారు. 1866లో తాను చదివిన లండన్ కాలేజీలోనే పోస్టు పడింది. అప్పటికి ఆ కుర్రాడి కాలు బాగైపోయి ఏడాది. అక్కడా రాలేదు. ప్రపంచాన్ని మార్చే రిజల్ట్ చేతిలో పెట్టుకుని కూడా రిజెక్ట్ అవ్వొచ్చు. ఎడిన్‌బరా చివరికి 1869లో పిలిచింది, అది కూడా మామగారు సైమ్ ఖాళీ చేసిన కుర్చీకి.

ఇక దారం కథ. అప్పట్లో రక్తనాళాన్ని పట్టుదారంతో ముడేసి, దాని కొస గాయంలోంచి బయటికి వేలాడదీసేవారు. దారం కుళ్లి ఊడొచ్చేదాకా లాగి చూస్తుండేవారు. అంటే గాయాన్ని పూర్తిగా మూయడానికే వీల్లేదు, దారమే తలుపు తెరిచి ఉంచేది. దారాన్ని లోపలే వదిలేసి పైన మూసేస్తే? 1868 డిసెంబర్ 31, అందరూ కొత్త సంవత్సరం హడావుడిలో ఉంటే, లిస్టర్ అప్టన్‌లో తండ్రి ఇంట్లో ఒక దూడ మెడ నాళాన్ని గొర్రె పేగుతో చేసిన దారంతో ముడేశాడు. దాన్నే క్యాట్‌గట్ అంటారు, పిల్లితో సంబంధం లేదు. దారాన్ని ముందే కార్బాలిక్‌లో నానబెట్టాడు. నెల తర్వాత చూస్తే దారం ఉండాల్సిన చోట దారం లేదు, దూడ సొంత కణజాలం పట్టీలా పెరిగి ఉంది. శరీరం దాన్ని కరిగించి తన సరుకుతో నింపుకుంది. పక్క బెడ్ పెద్దాయన మోకాల్లో కరిగిపోయిన దారానికి ముత్తాత ఇదే. అయితే పేగు దారంలోనే క్రిములు దాక్కునేవి, కొన్నిసార్లు ముందే కరిగిపోయేది. క్రోమిక్ ఆమ్లంతో పదును పెడుతూ, మారుస్తూ ఏళ్ల తరబడి దానితో కుస్తీ పట్టాడు.

చర్మం కలపడంలో కూడా ఆయన లెక్క వేరు. లాగుడు మోసే కుట్లు వేరు, అంచులు చేర్చే కుట్లు వేరు అన్నాడు. గాయానికి దూరంగా రెండు వైపులా చిన్న సీసపు బిళ్లలు పెట్టి వాటి మధ్య వెండి తీగ బిగించేవాడు. ఆ తీగ బరువు మోస్తుంటే మధ్యలో సన్న కుట్లు హాయిగా అంచుల్ని పట్టుకునేవి. మనం సివిల్ వాళ్ల భాషలో లోడ్ బేరింగ్ గోడ, పార్టిషన్ గోడ అంటాం చూడండి, అదే. ఇవాళ మోకాలి ఆపరేషన్‌లో లోపలి పొరల్ని గట్టి దారంతో విడిగా బిగించి, పై చర్మాన్ని బలం పడకుండా మూసేదీ ఇదే ఆలోచనతో. నా వరకు పిన్నా జిగురా అన్న ప్రశ్న కంటే కింది పొర ఎలా కుట్టారు అనే ప్రశ్నే పెద్దది అనిపిస్తుంది.

1877లో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రికి మారాడు. ఎడిన్‌బరాలో కిక్కిరిసిన క్లాసులు, ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. లండన్ సర్జన్లు ఆయన క్రిముల కథని నమ్మలేదు. ఆ అక్టోబర్‌లో మోకాలి చిప్ప రెండు ముక్కలైన ఒకాయన వచ్చాడు. చర్మం చీలలేదు. మామూలుగా అయితే కర్రలు కట్టి పడుకోబెడతారు, కుంటితనంతో బతికేస్తాడు. మంచి చర్మాన్ని కోసి మోకాలి కీలు తెరవడం అంటే ఆ రోజుల్లో చావుని ఇంటికి పిలవడమే. 26వ తేదీన లిస్టర్ తెరిచాడు. రెండు ముక్కలకీ రంధ్రాలు చేసి, లావుపాటి వెండి తీగతో కట్టి, మెలిపెట్టి మూశాడు. ఈ మనిషి చనిపోతే లిస్టర్ మీద కేసు పెట్టాలని ఊళ్లో ఒక పెద్ద సర్జన్ అన్నాడని చెప్పుకుంటారు. మనిషి చనిపోలేదు, గాయం చీము పట్టలేదు. 1883కల్లా ఇలాంటి మోకాలి కేసులు కొన్నింటిని లండన్ డాక్టర్ల ముందు పెట్టి వివరించాడు.

ఆగి ఒకసారి ఆలోచించండి. ఆ పేషెంట్ పోయుంటే? పదేళ్ల పని ఒక మోకాలి దగ్గర ఆగిపోయేది. అంత రిస్క్ ఆయన తీసుకోవచ్చా అంటే నాకింకా డౌటే. కర్రలు కట్టినా బతికేవాడే కదా ఆ మనిషి. మనం ఇప్పుడు మోకీలు మార్పిడిని ధైర్యంగా ఒప్పుకుంటున్నామంటే అతని కాలు కూడా అందులో ఒక వాటాదారు.

లిస్టర్ తప్పులు కూడా చేశాడు. గాలిలో క్రిములు చంపాలని 1871 నుంచి ఆపరేషన్ గదిలో కార్బాలిక్ స్ప్రే కొట్టించాడు. అందరి చేతులూ మండేవి, దగ్గులు. అసలు ప్రమాదం గాలిలో కంటే చేతుల్లో, పనిముట్లలో ఎక్కువని మెల్లగా అర్థమైంది. 1890లో బెర్లిన్‌లో ప్రపంచ డాక్టర్ల సభలో లేచి, ఆ స్ప్రేని సిఫార్సు చేసినందుకు సిగ్గుపడుతున్నానని చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 63, ప్రపంచమంతా పేరు. ఈలోగా జర్మన్లు పనిముట్లని ఆవిరితో శుభ్రం చేసే పద్ధతితో ఆయన్ని దాటి వెళ్లిపోయారు.

మీకు పనికొచ్చే ఒక ముక్క ఇక్కడ. 1876లో ఫిలడెల్ఫియాలో లిస్టర్ ప్రసంగం విన్న రాబర్ట్ వుడ్ జాన్సన్ పదేళ్లకి తన తమ్ముళ్లతో కలిసి శుభ్రమైన డ్రెస్సింగులు, కుట్టు దారాలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. అదే జాన్సన్ అండ్ జాన్సన్. ఈ రంగంలో డాక్టర్లతో పాటు దారం ఎంత లాగితే తెగుతుందో పరీక్షించే మెకానికల్ వాళ్లు, జిగురు తయారుచేసే కెమికల్ వాళ్లు, ట్రయల్స్ డేటా చూసే స్టాటిస్టిక్స్ వాళ్లు కావాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్క్ ఉన్నాయి. ఐటీ లిస్టులో వాటినీ కలుపుకోండి.

1893లో ఇటలీలో సెలవుల్లో ఉండగా ఆగ్నెస్ న్యుమోనియాతో చనిపోయింది. ఆ తర్వాత ఆయన పరిశోధన దాదాపు ఆగింది. రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు, లార్డ్ బిరుదు వచ్చింది. 1912 ఫిబ్రవరి 10న కెంట్ తీరంలో వాల్మర్ అనే ఊళ్లో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చోటిస్తామన్నారు. ఆయన కోరిక మేరకు వెస్ట్ హాంప్‌స్టెడ్ శ్మశానంలో ఆగ్నెస్ పక్కనే పడుకోబెట్టారు.

మా నాయనమ్మ పిన్నులు పద్నాలుగో రోజు తీశారు. నర్సు ఒక్కోటి పీకి ట్రేలో వేస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. గాయం పొడిగా, సన్నగా మూసుకుంది. అంతా అయ్యాక నాయనమ్మ ఎన్నని అడిగింది. నర్సు 31 అంది. నేను 32 లెక్కపెట్టానన్నాను. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని, మోకాలు వంచి, ఇద్దర్నీ మళ్లీ లెక్కపెట్టమంది.